సైకిల్ మీద దూరం వెళ్ళినప్పుడు రాత్రి బస: డబ్బుండీ ఊళ్ళో గుడి అరుగు అడగడం సబబేనా?

ఎంవీపీ సైక్లిస్ట్

ఈ విషయంలో మన వైజాగ్ రైడర్లలో రెండు పక్షాలున్నాయని తెలుసు. గొడవ కోసం కాదు, నాకు నిజంగా తేలక రాస్తున్నాను. పోయిన నవంబర్‌లో నలుగురం ఇచ్ఛాపురం బయల్దేరాం. సుమారు 245 కిలోమీటర్లు, మొదటి రాత్రి టెక్కలి, మర్నాడు ఇచ్ఛాపురం, అక్కణ్ణుంచి రైల్లో వెనక్కి. టెక్కలిలో లాడ్జికి ఫోన్ చేసి చెప్పి పెట్టాం కూడా. శ్రీకాకుళం చేరేసరికి నాలుగున్నర. ఇక్కడే ఆగిపోదాం అని నేనన్నాను, ఇంకో యాభై కిలోమీటర్లే కదా అని మిగతావాళ్ళు అన్నారు, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. పొద్దున్నుంచీ ఎదురుగాలి. నరసన్నపేట దాటాక బాగా చీకటి పడింది, ఒకడికి మోకాలు పట్టేసింది, ఆ లారీల మధ్య ఇంక వద్దనుకుని హైవే దిగి పక్క ఊళ్ళోకి వెళ్ళి రామాలయం అరుగు మీద పడుకుంటామని అడిగాం.

ఒక పెద్దాయన "ఏటి బాబూ, ఇక్కడ దోమలు పీకేస్తాయి" అని తన ఇంటికి తీసుకెళ్ళాడు. రాత్రి తొమ్మిదింటికి ఆయన కోడలు మళ్ళీ పొయ్యి వెలిగించి నలుగురికి అన్నం వండింది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను మాకోసం వసారాలోకి తెచ్చి పెట్టారు. లోపల చిన్నపిల్ల రాత్రంతా దోమలకి ఏడుస్తూనే ఉంది, నాకు వినబడుతూనే ఉంది. పొద్దున్న డబ్బులివ్వబోతే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మా నాలుగు సైకిళ్ళ ఖరీదు కలిపితే రెండు లక్షల పైనే. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను: లాడ్జికి డబ్బు కట్టగలిగినవాడు లాడ్జిలోనే ఉండాలి, లాడ్జి ఉన్న ఊళ్ళోనే ఆగాలి. మన ట్రిప్పు సరదా కోసం లేనివాళ్ళ ఫ్యాను తీసుకోకూడదు.

ఘాట్‌రోడ్ ప్రేమికుడు

మీ బాధ అర్థమైంది, కానీ తీర్పు ఒప్పుకోను. నవంబర్ డిసెంబర్‌లలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మన హైవే కూడా ఇంచుమించు ఈశాన్యానికే పోతుంది, అంటే శ్రీకాకుళం వైపు వెళ్ళే ప్రతివాడికీ ఎదురుగాలే. మామూలు రోజున గంటకి 20 తొక్కేవాడు 13కి, 14కి పడిపోతాడు. అలాంటప్పుడు వంద మైళ్ళ అవతల గది బుక్ చేసుకుంటే ఏమవుతుందో మీరే చూశారు కదా! ఆ బుకింగే మిమ్మల్ని చీకట్లో తొక్కించింది. బుకింగ్ లేకపోతే శ్రీకాకుళంలోనే దిగిపోయేవాళ్ళు.

ఇంకో మాట. దారిన పోయేవాడికి చోటివ్వడం మన దగ్గర కొత్త కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీ వెళ్ళి, మరుసటి ఏడు కలకత్తా, పూరీ, శ్రీకాకుళం, మన విశాఖపట్నం మీదుగానే తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, ఏ మజిలీలో దిగడానికి సత్రం ఉంది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అని రాసుకుంటూనే ప్రయాణం చేశాడు. ఆ మర్యాద ఇంకా మిగిలుందంటే సంతోషించాలి గానీ సిగ్గుపడటం దేనికి? అడగడం అడుక్కోవడం కాదు.

ఎంవీపీ సైక్లిస్ట్

సత్రం వేరు, ఇల్లు వేరు అండి. సత్రానికి ఎవరో జమీందారో షావుకారో మాన్యం రాసిచ్చేవాడు, ఆ ఆదాయంతో దారినపోయేవాడికి వంట జరిగేది. నేను తిన్నది మాన్యం బియ్యం కాదు, ఆ ఇంటివాళ్ళ మర్నాటి బియ్యం. రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోలేను.

అనకాపల్లి బెల్లం

లాడ్జి పక్షం నాది, కానీ యాప్‌లో బుకింగ్ వద్దు. పన్నెండేళ్ళుగా తొక్కుతున్నాను, ఒక్కసారే ముందు డబ్బు కట్టాను, ఆ ఒక్కసారే దెబ్బతిన్నాను. యాప్‌లో గది కన్ఫర్మ్ అని ఉంది, వెళ్తే కౌంటర్‌లో అబ్బాయి మాకు రాలేదన్నాడు, ఊరు నిండా పెళ్ళివాళ్ళు. ఇప్పుడు నేను చేసేది ఇది: మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు కాళ్ళ సంగతి, గాలి సంగతి చూసుకుని, చేరగలను అనుకున్న ఊరికీ, దానికి ముందున్న ఊరికీ రెండు చోట్లకి ఫోన్ చేస్తాను. అడిగేవి కూడా వేరే. ఏసీ ఉందా అని కాదు, 24 గంటల చెక్‌అవుటా లేక పన్నెండింటి చెక్‌అవుటా అని. మనం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఎండ ముదరకముందే పదకొండుకి చేరిపోతాం. 24 గంటల లాడ్జి అయితే పదకొండుకి దిగి, పడుకుని, మర్నాడు నాలుగింటికి ఒక్క రోజు డబ్బుతో లేచిపోవచ్చు. పన్నెండింటి లెక్క అయితే గంట ముందు దిగినందుకు రెండో రోజు కూడా అడుగుతారు.

తర్వాత, సైకిల్ గదిలోకి తేనిస్తారా. మెట్ల కింద పెట్టండి సార్ ఏం కాదు అంటారు, నేను ఒప్పుకోను, బురద తుడిచి చూపించి మరీ పైకి మోసుకెళ్తాను. చిన్న ఊళ్ళ లాడ్జీల్లో రాత్రి పదింటికి షట్టర్ దింపేసి వాచ్‌మన్ లోపల పడుకుంటాడు, కాబట్టి పొద్దున్న నాలుగింటికి పోతానని రాత్రే చెప్పి, డబ్బు కట్టేసి, ఆధార్ జిరాక్స్ ఇచ్చేసి పడుకోవాలి. ఓసారి ముప్పావుగంట షట్టర్ కొడుతూ నిలబడ్డాను.

ముహూర్తాల రోజులు చూసుకోండి. అన్నవరం అయితే మరీ. వైజాగ్ నుంచి 120 కిలోమీటర్లు, మొదటి రోజుకి సరిగ్గా సరిపోయే దూరం, కొండ మీద దేవస్థానం సత్రాలున్నాయి, కింద లాడ్జీలున్నాయి. కానీ చలి మొదలై మనకి తొక్కాలనిపించేది కార్తీకంలో, సత్యనారాయణ వ్రతాలకి జనం విరగబడేదీ కార్తీకంలోనే. ఆ నెలలో తునిలో ఆగడం మేలు. అరకు శని ఆదివారాలూ అంతే. పైగా శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక టైడా, అనంతగిరి తప్ప మధ్యలో దిక్కు లేదు, మధ్యాహ్నం రెండు దాటితే కోటలోనే ఉండిపోండి.

పెందుర్తి పెడల్

ఇంతవరకూ రాసినవాళ్ళంతా మగవాళ్ళే అనుకుంటాను. గుడి అరుగా లాడ్జా అని మీరు ఎంచుకుంటున్నారు, నాకు ఆ రెండూ తేలిగ్గా దొరకవు. అరుగు మీద ఒంటరిగా పడుకోలేను, అది అందరికీ తెలిసిందే. లాడ్జి సంగతి వినండి. కిందటేడు రాజమండ్రి వైపు ఒక్కదాన్నే వెళ్తూ దారిలో ఒక ఊళ్ళో లాడ్జికి పొద్దున్నే ఫోన్ చేసి గది ఉందని చెప్పించుకుని, సాయంత్రం ఐదింటికి వెళ్ళాను. హెల్మెట్ తీసి పేరు చెప్పగానే "సింగిల్ లేడీస్‌కి ఇవ్వమండి" అన్నాడు. ఆధార్ చూపించాను, ఉద్యోగం ఐడీ చూపించాను, ఇంటికి ఫోన్ చేయించాను. ఓనర్ ఒప్పుకోడట. చాలా సత్రాల్లోనూ ఒంటరి మనిషికి గది ఇవ్వరు, అక్కడ ఆడా మగా తేడా కూడా లేదు. రైల్వే స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ అడుగుదామా అంటే దానికి పీఎన్‌ఆర్ కావాలి, సైకిల్ మీద వచ్చినవాళ్ళకి టికెట్ ఎక్కడిది?

ఆ రాత్రి నన్ను ఆదుకున్నది లాడ్జి పక్కన టిఫిన్ బండి నడిపే ఆవిడ. విషయం విని, బండి కట్టేసేదాకా కూర్చోమని, వాళ్ళింటికి తీసుకెళ్ళింది. ఆవిడ ఇల్లు కూడా ఒక్క గదే. ఎంవీపీ గారి రూలు ప్రకారం నేను అక్కడ ఉండకూడదు. మరి ఎక్కడ ఉండాలి? డబ్బు నా జేబులోనే ఉంది, తీసుకునేవాడే లేడు. అందుకే డబ్బున్నవాడు లాడ్జిలోనే ఉండాలి అనే మాట నాకు న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు నేను ముందుగా చూసేది వార్మ్‌షవర్స్. సైకిల్ మీద తిరిగేవాళ్ళకి సైకిల్ వాళ్ళే ఇంట్లో చోటిచ్చే పద్ధతి, 1993 నుంచి ఉంది. మన హైవే మీద చిన్న ఊళ్ళలో ఎవరూ దొరకరు, పెద్ద ఊళ్ళలో ఒకరో ఇద్దరో. కానీ అక్కడ నాకు మొహమాటం ఉండదు, ఎందుకంటే మా పెందుర్తి ఇంట్లో నేనూ చోటిస్తాను. ఇద్దరు వచ్చారు ఇప్పటికి. ఒకతను విదేశీయుడు, లాడ్జీలవాళ్ళు, విదేశీయులు దిగినట్టు అధికారులకి తెలిపే అప్పటి ఫారం సి నింపడం తెలియక గది లేదని పంపేస్తున్నారని చెప్పాడు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆ వివరాలు పంపాలి, ఆ నియమం మనలాంటి ఇంటివాళ్ళకీ ఉంది, చోటిచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

బ్రెవే 600

బ్రెవేల్లో, అంటే గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లలో, 600 కిలోమీటర్లకి 40 గంటలే టైము, మేం బస్టాండ్ బెంచీ మీద గంట పడుకుని లేచిపోతాం. ఇంత ఆలోచన ఎందుకు? టెంట్ తీసుకెళ్ళండి, భీమిలి దాటాక బీచ్ అంతా ఖాళీయే.

ఘాట్‌రోడ్ ప్రేమికుడు

బ్రెవే వేరు, టూర్ వేరు. గంట కునుకుతో వారం రోజులు తొక్కలేం. బీచ్‌లో టెంట్ మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు మన ఒడ్డుకే వస్తాయి. లైటు కనబడితే తల్లి తాబేలు వెనక్కి పోతుంది, పిల్లలు సముద్రం అనుకుని లైటు వైపు నడుస్తాయి. అటవీశాఖవాళ్ళు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి కాపాడుతుంటే మనం టార్చి పట్టుకుని అక్కడ కాపురం పెట్టకూడదు. అక్టోబర్ నవంబర్‌లలో తుఫాన్ల భయం ఎలాగూ ఉంది, 2014లో హుద్‌హుద్‌ని, 2018లో తిత్లీని చూసినవాళ్ళం.

పెందుర్తి గారూ, మీరు చెప్పినది నేను ఎప్పుడూ ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను.

టెక్కలి మాస్టారు

నేను సైకిల్ మీద తిరిగేవాణ్ణి కాదు, మీరు వచ్చి తలుపు కొట్టే ఊళ్ళో ఉండేవాణ్ణి. మా బడి హైవేకి దగ్గర, ఏడాదికి నలుగురైదుగురు వస్తారు. అందరూ డబ్బు గురించి రాస్తున్నారు. మాకు ఇబ్బంది డబ్బుతో కాదు, వేళతో. సాయంత్రం నాలుగున్నరకి, బడి వదిలే వేళకి వచ్చి అడిగితే తాళం నా దగ్గర ఉంటుంది, సర్పంచ్‌కి ఒక ఫోన్ చేస్తాను, బాత్‌రూమ్ చూపిస్తాను, అందరికీ తెలిసేలా మీరు ఉంటారు. రాత్రి ఎనిమిదిన్నరకి తలకి లైట్లు కట్టుకుని నలుగురు వస్తే ముందు కుక్కలు, తర్వాత జనం. దొంగలు తిరుగుతున్నారని పుకారున్న రోజుల్లో అయితే అది మీకే ప్రమాదం. ఆ వేళప్పుడు మేం మిమ్మల్ని పొమ్మనలేం, ఉండమనడానికి ఏర్పాటూ ఉండదు. ఎంవీపీ గారు చూసిన ఆ పెద్దాయన పరిస్థితి అదే.

రెండోది అన్నం. "భోజనం చేశారా" అని మేం అడిగి తీరతాం, అది మా నోటికి వచ్చే మొదటి మాట. మీరు లేదు అన్న మరుక్షణం మా ఇంటి ఆడవాళ్ళకి ఆ రాత్రి పని మొదలైనట్టే. ఊళ్ళోకి రాకముందే ధాబాలో తినేసి రండి, తిన్నాం అని నిజంగా చెప్పగలిగేలా రండి. అప్పుడు మేం ఇచ్చేది చోటు ఒక్కటే, అది మాకు బరువు కాదు. సంతోషంగానే ఇస్తాం, మా పిల్లలు మీ సైకిల్ గేర్లు చూసి వారం రోజులు చెప్పుకుంటారు.

డబ్బు చేతికి ఇవ్వకండి, ఆయన ముఖం చిన్నబుచ్చుకోవడం సహజమే. హుండీలో వేస్తే గుడికి చేరుతుంది, వండిన అమ్మాయికి చేరదు. ఏమైనా ఇవ్వాలనుంటే ఇంట్లో చిన్నపిల్ల పేరు చెప్పి ఇవ్వండి, పిల్లకి ఇచ్చింది ఎవరూ కాదనరు.

ఎంవీపీ సైక్లిస్ట్

మాస్టారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను చేసిన తప్పు గుడి అరుగు అడగడం అనుకున్నాను. శ్రీకాకుళంలో నాలుగున్నరకి ఆగకపోవడం అసలు తప్పు, ఆ రాత్రి జరిగిందంతా దాని వెనకే వచ్చింది. పెందుర్తి గారికి క్షమాపణలు, లాడ్జిలోనే ఉండాలి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తిండి విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను, లాడ్జి దొరికే ఊరు దాటొచ్చి ఒకరింటి పొయ్యి వెలిగించకూడదు.

జనవరిలో మళ్ళీ అదే దారిన వెళ్తున్నాం. ఈసారి మొదటి రాత్రి శ్రీకాకుళం, రెండోది పలాస. ఆ పెద్దాయన ఊరు మధ్యలో వస్తుంది. ఒక ఫ్యాను, పాపకి దోమతెర తీసుకెళ్దాం అనుకుంటున్నాం. అలా వెళ్తే బాగుంటుందా, వాళ్ళు తప్పుగా అనుకుంటారా?

టెక్కలి మాస్టారు

దోమతెర తీసుకెళ్ళండి, పిల్ల కోసం అని చెప్పండి. ఫ్యాను వద్దు, ఆ రాత్రి మీరు చూసింది లెక్క కట్టినట్టు ఉంటుంది. పండక్కి ముందు నూర్పుల రోజులు, పగలంతా అందరూ కళ్ళంలో ఉంటారు, ఇంటికి తాళం కనబడితే వెనక్కి పోకండి, ఊరవతల కళ్ళం దగ్గరికే వెళ్ళండి. పొద్దున్నే వెళ్తే టీ ఇస్తారు, అది మాత్రం కాదనకండి.