కేకు వండుతామా, కాలుస్తామా, పెడతామా?

అందరికీ నమస్కారం. మొన్న మా కోడలు ఫోన్లో వాళ్ళమ్మతో “అత్తయ్య కేక్ బేక్ చేస్తున్నారమ్మా” అంటుంటే, వంటింట్లోంచి “కేకు పెడుతున్నాను” అన్నాను. “పెట్టడమేంటి అత్తయ్యా, ఎవరికి?” అని అడిగింది. ఆ ప్రశ్ననే మీ ముందుకు తెచ్చాను.

గుంటూరు జిల్లాలో మా నాయనమ్మ మాట అది. క్రిస్మస్‌కు పది రోజుల ముందు నుంచి ఆవిడ నోట వినబడే మాటలు ఇవి: గవ్వలు ఒత్తాలి, గులాబీలు వేయాలి, సున్నుండలు చుట్టాలి, కేకు పెట్టాలి. ఏ వంటకానికి ఆ క్రియ. ఒకదాని క్రియ ఇంకోదానికి తగిలిస్తే ఆవిడ ఊరుకునేది కాదు.

ఆవిడ కేకు పెట్టడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. పెద్ద తపేలాలో అడుగున ఇసుక పరిచి, పొయ్యి మీద పెట్టి ఇసుక బాగా వేడెక్కనిచ్చేది. గిన్నెకు నెయ్యి రాసి, మైదా చల్లి, పిండి పోసి ఇసుక మీద దించేది. పైన బరువైన మూత, మూత మీద బొగ్గు నిప్పులు. ఇక ఎవరూ అటు పోకూడదు. మూత తీసి చూద్దామన్న పిల్లలకు మొట్టికాయే.

ఆ నిరీక్షణలోనే నా జవాబు ఉందనుకుంటున్నాను. తెలుగులో ‘పెట్టు’ అనే వంటలన్నీ ఒకసారి తలచుకోండి. ఆవకాయ పెడతాం. వడియాలు పెడతాం. పెరుగుకు తోడు పెడతాం. ఇడ్లీ పెడతాం. పులుసు పెడతాం. కలపడం వరకే మన చెయ్యి. ఆ తర్వాతది ఎండ పని, ఆవిరి పని, సెగ పని, రాత్రంతా గడిచే కాలం పని. మనం పక్కకు తప్పుకోవాలి. ‘వేయు’ అలా కాదు. గారెలు, బజ్జీలు, అట్లు వేస్తాం. నూనెలోనో పెనం మీదో పడ్డ క్షణం నుంచి అక్కడే నిలబడాలి, తిరగేయాలి, తీయాలి. కేకు మొదటి గుంపుదే. అందుకే ‘కేకు పెట్టడం’ అచ్చమైన తెలుగు అని నా వాదన. బేక్‌కు తెలుగు మాట లేదని బాధపడేవాళ్ళు మన క్రియల్ని ఒక్కసారి నెమ్మదిగా లెక్కపెట్టుకోవాలి.

మీ ఇళ్ళలో ఏమంటారో చెప్పండి.

— నరసాపురం నుంచి, విశ్రాంత తెలుగు పండితులు:

అమ్మా, మీ వాదన ముచ్చటగా ఉంది గానీ నేను ఒప్పుకోను. మా గోదావరి వైపు అరిసెలైనా బూరెలైనా ‘వండుతాం’. పండగ ముందు వీధిలో వినపడే పలకరింపే “ఏం వండుతున్నారు?” అని. ఇక సెగలో చేసే రొట్టెకు పాత తెలుగు బైబిలులో స్పష్టమైన మాట ఉంది. లేవీయకాండము 2వ అధ్యాయం చూడండి, ‘పొయ్యిలో కాల్చిన’ నైవేద్యం అని ఉంటుంది. ఇంగ్లీషులో కేకులు, పలుచని బిస్కెట్ల లాంటివి అని అర్థం వచ్చే చోట మన అనువాదకులు ‘అప్పడములు’ అన్నారు, ‘పిండివంటలు’ అన్నారు. పరాయి వంటకానికి మన వంటింటి పేరు పెట్టడానికి ఆనాడే వెనకాడలేదు. కాబట్టి కేకును ‘కాలుస్తాం’ అనడమే సంప్రదాయం.

— నా జవాబు:

మాస్టారూ, అప్పడములు అన్నమాట గుర్తుచేసినందుకు చాలా సంతోషం. చిన్నప్పుడు ఆ అధ్యాయం చదువుతుంటే నాకు ఆకలి వేసేది. కానీ ‘కాల్చు’ అనగానే నా చెవికి నిప్పు తగిలిన వస్తువే కనపడుతుంది. జొన్నరొట్టె కాలుస్తాం, వంకాయ కాలుస్తాం, మొక్కజొన్న పొత్తు కాలుస్తాం. అక్కడక్కడ నల్లమచ్చలు పడితేనే వాటికి రుచి. కేకుకు మచ్చపడితే దాచిపెట్టి లోపలి భాగమే కోసి ఇస్తాం గదా. ఇడ్లీకి ఆవిరి ఎలాగో కేకుకు చుట్టూ ఉన్న వేడిగాలి అలాగ. అందుకే పెట్టడమే దగ్గర.

అదే బైబిలు నుంచి నాకు నచ్చిన ఇంకో సంగతి చెప్తాను. పాత నిబంధనలో ‘పొంగని రొట్టె’ అనీ ఉంది, ‘పులియని రొట్టె’ అనీ ఉంది. రెండూ ఒక రొట్టెనే చెప్తున్నాయి. పిండి పులిస్తే గదా పొంగేది అన్న లెక్కలో రెండు మాటలు ఒకటయ్యాయి. కానీ కేకు వచ్చి ఈ లెక్క తప్పించింది. గుడ్లు గిలక్కొట్టిన నురగ వల్ల, బేకింగ్ పౌడర్ వల్ల అది పులియకుండానే పొంగుతుంది. ఈ తేడాను ఇంత చక్కగా చెప్పగలిగే రెండు క్రియలు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. నాకైతే ఇది కేకు కన్నా తియ్యగా ఉంది.

— కరీంనగర్ నుంచి:

మా దిక్కు పండుగ ఏదైనా నూనెల గోలిచ్చినవన్నీ అప్పాలే. “అప్పాలు చేసుకున్నరా” అనే అడుగుతరు. కేకు మాత్రం ఇంట్ల చేసేది కాదు. మా బాపు మైదా, చక్కెర, గుడ్లు సంచిల వేసుకొని సైకిల్ మీద బేకరీకి పోయేది. అక్కడ వాళ్ళే కలిపి బట్టీల పెట్టేది. మేము బయట అరుగు మీద కూసొని వాసన చూసుకుంట ఉండేది. ఇంటికొచ్చినంక అమ్మ అడిగేది “బట్టీల పెట్టిచ్చినవా?” అని. అంటే అక్కా, మీ ‘పెట్టు’ మా ఇంట్ల గూడ ఉన్నట్టే. బిస్కిట్లు గూడ అట్లనే పెట్టిచ్చేది. ఆ బిస్కిట్లు రేకు డబ్బాల పోసి తాళమేసేది మా అమ్మ.

— నా జవాబు:

తమ్ముడూ, నువ్వు నా పక్షాన సాక్ష్యం చెప్పావు. ‘బట్టీలో పెట్టించడం’ మా వైపూ ఉండేది, నేనే మర్చిపోయాను.

— నెల్లూరు నుంచి:

గులాబీలను ఎవరూ పట్టించుకోలేదేం? మా ఇంట్లో కేకు కొంటాం, గులాబీ పువ్వులు మాత్రం చేసి తీరాల్సిందే. ఈమధ్య పిల్లలు ‘రోజ్ కుకీస్’ అంటున్నారు. నూనెలో వేయించిన దాన్ని కుకీ అనొచ్చా?

— నా జవాబు:

చెల్లీ, అడిగావు కాబట్టి ఈ ఒక్క సంగతి తీరిగ్గా చెప్తాను. కుకీ అన్న మాటకు మూలం డచ్చి భాషలో ‘కూక్యె’, చిన్న కేకు అని అర్థం. డచ్చివాళ్ళు ఏలిన శ్రీలంకలో ఆ మాటే ‘కోకిస్’ అయిందంటారు. కోకిస్ అంటే ఏమిటో తెలుసా? బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి, ఇనుప అచ్చు ముంచి నూనెలో వేయించేది. అచ్చంగా మన గులాబీ పువ్వే. సింహళీయుల కొత్త సంవత్సరానికి అది లేనిదే పళ్ళెం నిండదు. అంటే నూనెలో వేగిన పువ్వును కుకీ అనడం తప్పు కాదు, దానికి ఆ పేరు పక్కదేశంలో ముందే ఉంది. మలయాళంలో అచ్చప్పం, తమిళంలో అచ్చు మురుక్కు. నార్వేలో కూడా ఇలాంటిదే అచ్చుతో చేసి క్రిస్మస్‌కు తింటారు, ‘రోజెట్’ అని దాని పేరు.

మచిలీపట్నంలో డచ్చివాళ్ళు 1605లోనే స్థావరం పెట్టారు గదా, మనకూ వాళ్ళే నేర్పారా అని ఎవరైనా అడగొచ్చు. మన పేర్లలో ఆ జాడ లేదు. గులాబీ పువ్వులు, గులాబీ గుత్తులు, రెండూ ఆకారం చూసి పెట్టుకున్నవే. నాకు ఈ పేరే ఎక్కువ ఇష్టం. కళ్ళతో చూసి పెట్టిన పేరు.

చేసేటప్పుడు వాడే మాట కూడా అందంగా ఉంటుంది. అచ్చు నూనెలో బాగా కాగాక పిండిలో ముంచాలి, అంచు పైకి పిండి ఎక్కకుండా. ఎక్కిందో, పువ్వు అచ్చును పట్టుకుని వదలదు. మళ్ళీ నూనెలో పెట్టి మెల్లగా ఊపితే జారిపోవాలి. అప్పుడు మా నాయనమ్మ “వదిలింది” అనేది. ఆ ఒక్క మాటకు పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి ముఖాలూ విప్పారేవి. పంచదార ఎక్కువైతే వదలదు, అచ్చు చల్లగా ఉంటే పిండి అసలు పట్టదు. మొదటి రెండు మూడు అచ్చుకే అర్పణం.

నా అభిప్రాయం అడిగితే: గులాబీ పలుచగా, పంటికింద పొడి అయిపోయేలా ఉండాలి. కోడిగుడ్డు వాసన పైకి రాకూడదు. నువ్వులు వేస్తే ఇంకా బాగుంటుంది. కేకులో టూటీ ఫ్రూటీ వద్దు. పచ్చిబొప్పాయి ముక్కల్ని రంగు పాకంలో ముంచి పండ్లని నమ్మిస్తే నా నాలుక నమ్మదు. ఎండుద్రాక్ష, జీడిపప్పు, నారింజ తొక్క చాలు. క్రీము కేకు పుట్టినరోజుకు ఉంచుకోండి.

— తిరుపతి నుంచి:

ప్లమ్ కేకులో ప్లమ్ ఎక్కడుందని మా అబ్బాయి ప్రతి సంవత్సరం వెతుకుతాడండీ!

— నా జవాబు:

దొరకదు బాబూ. పాత ఇంగ్లీషు వాడుకలో ప్లమ్ అంటే ఎండుద్రాక్ష కూడా. ఆ అర్థం పోయింది, కేకు పేరులో మాత్రం మిగిలింది.

— జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి:

అమ్మా, ఇక్కడి క్రిస్మస్ రొట్టె శ్టోలెన్ గురించి చెప్పాలనిపించింది. పక్కనే డ్రెస్డెన్ దానికి పేరున్న ఊరు. ఎండుద్రాక్ష, బాదం, వెన్న వేసి ఈస్టుతో పులియబెట్టి చేస్తారు, పైన తెల్లగా పంచదార పొడి. పొత్తిళ్ళలో చుట్టిన బాలయేసులా ఉంటుందని అంటారు. పూర్వం క్రిస్మస్ ముందు ఉపవాస దినాల్లో వెన్న నిషేధం. నూనెతో చేసిన శ్టోలెన్ చప్పగా ఉండేదట. చివరికి 1491లో పోపు ఎనిమిదవ ఇన్నోసెంట్ వెన్న వాడుకోవచ్చని ఉత్తరమిచ్చాడు. ఆ ఉత్తరాన్ని ఇక్కడ ‘వెన్న లేఖ’ అనే పిలుస్తారు. చేసిన రోజే కోయరు. కొన్ని వారాలు చల్లటి చోట ఉంచితే రుచి లోపలికి దిగుతుంది. దీనికి తెలుగులో ఏ క్రియ వాడమంటారు? ‘నిల్వ ఉంచడం’ అంటే సరిపోవడం లేదు.

— నా జవాబు:

‘ఊరడం’ అమ్మా! ఆవకాయ ఊరుతుంది, ఉసిరికాయ ఊరుతుంది, మీ శ్టోలెనూ ఊరుతుంది. ముక్కకూ కారానికీ మధ్య ఏం జరుగుతుందో, వెన్నకూ ద్రాక్షకూ మధ్యా అదే జరుగుతుంది. మా ప్లమ్ కేకుకు కూడా ద్రాక్షను నెల ముందే ద్రాక్షరసంలో ఊరబెడతాను. ఊరబెట్టిన పండ్లతో కేకు పెట్టాక అది మళ్ళీ వారం ఊరాలి. మాస్టారూ, చూశారా? ఆవకాయకున్న రెండు క్రియలూ కేకుకు అతికాయి.

— నరసాపురం నుంచి:

అతికాయమ్మా. ఈ సంవత్సరం మా ఇంట్లో కేకు ‘పెడతాం’. బూరెలు మాత్రం వండుతాం, అందులో మార్పు లేదు.

— విశాఖపట్నం నుంచి:

అందరూ పొంగిన కేకు గురించే మాట్లాడుతున్నారు. పొంగి పొంగి మధ్యలో కుంగిపోయిన దాన్ని ఏమంటారండీ? నాకు నిన్ననే జరిగింది. మా అమ్మమ్మ అయితే ‘అలిగింది’ అనేది. మూత ముందుగా తీసి చూస్తే కేకు అలుగుతుందట.

— నా జవాబు:

మా ఇంట్లో ‘కూర్చుంది’ అంటాం. కానీ మీ అమ్మమ్మగారి మాట ముందు మాది వెలవెలబోయింది. ఇప్పుడే మా కోడలికి చెప్పాను, పొయ్యి దగ్గరకు వెళ్ళబోతున్నదల్లా వెనక్కి వచ్చేసింది.