‘ఒక మోల్ ఆక్సిజన్’ అనే మాటలో లోపించినదేమిటి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. రసాయనశాస్త్రపు తొలి పాఠాలను సులభమైన తెలుగులో రాసే ప్రయత్నంలో నాకు రెండు సందేహాలు కలిగాయి. పదార్థాన్ని కొలిచే ప్రమాణమైన ‘మోల్’ అనే మాటకు బహువచనం ‘మోల్‌లు’ అని రాయాలా, ‘మోళ్ళు’ అని రాయాలా అన్నది మొదటిది. రెండవది కొంచెం పెద్దది. ‘ఒక మోల్ ఆక్సిజన్ ద్రవ్యరాశి ఎంత?’ అని అడిగితే చదువుకునేవారిలో కొందరు 16 గ్రాములని, మరికొందరు 32 గ్రాములని జవాబు రాస్తున్నారు. విచారిస్తే ఇద్దరి దగ్గరా తగిన కారణమే ఉంటోంది. ఇది లెక్క తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కా, లేక ప్రశ్న వాక్యంలోనే లోపముందా? భాష తెలిసినవారు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి సమాధానం

బహువచనం సంగతి త్వరగా తేలిపోతుంది. రైలు రైళ్ళయింది, స్కూలు స్కూళ్ళయింది, హోటలు హోటళ్ళయింది. ఆ వరుసలో మోలు మోళ్ళు కావడం తెలుగుకు సహజం. పాఠ్యపుస్తకాలలో ‘మోల్‌లు’ అని కనిపిస్తుంది, దానిని తప్పని అనలేం కాని, నోటితో పలికి చూస్తే ఏది నిలుస్తుందో మీకే తెలుస్తుంది. నేను ‘మోళ్ళు’ అనే రాస్తాను.

రెండవ సందేహానికి నా జవాబు ఇది: లోపం వాక్యంలోనే ఉంది, లెక్క తరువాతి మాట. తెలుగులో పరిమాణాన్ని చెప్పే మాటలు రెండు తెగలుగా ఉన్నాయి. ‘కిలో ఇనుము’ అన్నప్పుడు ఇనుమును ముక్కలుగా లెక్కపెట్టడం లేదు, మొత్తంగా తూస్తున్నాం. ‘డజను కలాలు’ అన్నప్పుడు తూయడం లేదు, ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాం. అందుకే డజను తరువాత లెక్కకు అందే వస్తువు పేరు, అదీ బహువచనంలో, వచ్చి తీరాలి. ‘డజను ఇనుము’ అంటే వినేవాడు ‘డజను ఏమిటి, కడ్డీలా, మేకులా?’ అని అడగక మానడు. మోల్ అనేది డజను తెగకు చెందిన మాట. దాని విలువ 12 కాక 6.02214076 × 10²³ కావడం సంఖ్యలో తేడాయే కాని స్వభావంలో తేడా కాదు. ‘ఒక మోల్ ఆక్సిజన్’ అనే పదబంధం మాత్రం దానిని కిలో తెగలోకి నెట్టివేసింది. ‘మోల్ ఏమిటి, పరమాణువులా, అణువులా?’ అని అడగవలసిన చోట వాక్యం ఆ ప్రశ్నకు అవకాశమే ఇవ్వలేదు. ‘ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువులు’ అంటే 16 గ్రాములు, ‘ఒక మోల్ ఆక్సిజన్ అణువులు’ అంటే 32 గ్రాములు, ఓజోన్ అణువులైతే 48 గ్రాములు. మీరు చెప్పిన ఇద్దరు విద్యార్థులూ వాక్యంలో లేని మాటను తమకు తోచినట్టు పూరించుకున్నారు, అంతే.

అణువు, పరమాణువు అనే జంట కూడా ఈ చిక్కును పెంచుతోంది. రసాయనశాస్త్రంలో పరమాణువు మూలకపు కనీస కణం, అణువు అలాంటివి కొన్ని బంధాలతో కలిసి ఏర్పడినది. పత్రికల తెలుగులోనేమో అణుబాంబు, అణువిద్యుత్తు అంటున్నాం. ఆ రెండింటిలోనూ పని జరిగేది పరమాణు కేంద్రకంలో, అణువుకు అక్కడ పాత్ర లేదు. పత్రిక చదివి పాఠానికి వచ్చినవాడికి ‘అణువు’ అంటే అతిచిన్నది అనే భావమే మనసులో నాటుకుని ఉంటుంది. కాబట్టి మోల్ పాఠానికి ముందే ఈ రెండు మాటల మధ్య గీత గీయకపోతే, తరువాత వచ్చే ప్రతి లెక్కలోనూ రెండు రెట్ల తప్పు పొంచి ఉంటుంది.

ఒక సభ్యురాలి అభ్యంతరం

మీ విభజన బాగుంది కాని అంత గట్టిది కాదని నాకనిపిస్తోంది. ‘కిలో మేకులు’ అని అంటున్నాం, ‘లీటరు నీళ్ళు’ అనీ అంటున్నాం. రెండు చోట్లా తూచే, కొలిచే మాటల తరువాతే బహువచనం వచ్చింది కదా? మరొక సంగతి. మోల్ లెక్కపెట్టే మాటే అయితే, మీటరుతోనూ కిలోగ్రాముతోనూ సమానంగా దానికి అంతర్జాతీయ ప్రమాణాలలో ఎందుకు చోటిచ్చారు? డజనుకు అక్కడ చోటు లేదు. మా తరం వారికి ‘గ్రాములలో చెప్పిన అణుభారమే మోల్’ అని నేర్పారు. ఆ నిర్వచనంలో లెక్కపెట్టడమనే మాటే లేదు. అది కిలో పద్ధతే కదా?

మొదటి సమాధానం రాసిన సభ్యుడు

అమ్మా, మీ మొదటి అభ్యంతరాన్ని అంగీకరించి నా సూత్రాన్ని సవరిస్తాను. కిలో తరువాత ఏకవచనమైనా బహువచనమైనా రావచ్చు. ‘నీళ్ళు’ అనేది రూపంలో బహువచనమే కాని అర్థంలో కాదు. డజను తరువాత మాత్రం లెక్కకు అందే వస్తువే రావాలి, అది లేకపోతే మాటకు అర్థమే పూర్తికాదు. కిలోకు ఉన్న ఆ వెసులుబాటు డజనుకు లేదు, మోల్‌కూ ఉండకూడదు అన్నంతవరకే నా వాదన.

రెండవ అభ్యంతరం నిజంగా విలువైనది, ఎందుకంటే మోల్ అనే మాట పుట్టినది కిలో తెగలోనే. 1890ల తొలి సంవత్సరాలలో రసాయనశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ జర్మన్ భాషలో ఈ మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు, ఒక పదార్థపు అణుభారానికి సమానమైన సంఖ్యను గ్రాములలో తీసుకుంటే వచ్చే ద్రవ్యరాశికే ఆ పేరు పెట్టాడు. ఇందులో చిత్రమేమిటంటే, పరమాణువులు నిజంగా ఉన్నాయని ఆస్ట్‌వాల్డ్ అప్పటికి నమ్మలేదు. సుమారు 1908 దాకా ఆయనది అదే అభిప్రాయం. కణాల ఉనికినే ఒప్పుకోనివాడు కణాల లెక్కకు పేరు పెట్టడు కదా, అందువల్ల ఆయనకు మోల్ తూనిక మాత్రమే. సమాన ఉష్ణోగ్రత, సమాన పీడనాల వద్ద సమాన ఘనపరిమాణం గల వాయువులలో అణువుల సంఖ్య సమానంగా ఉంటుందని ఇటలీ శాస్త్రజ్ఞుడు అవోగాడ్రో 1811లోనే ప్రతిపాదించాడు కాని, ఆ సంఖ్య ఎంతో ఆయనకు తెలియదు. ద్రవంలో తేలే సూక్ష్మ రేణువుల కదలికలను కొలిచి ఒక మోల్‌లో ఉండే అణువుల సంఖ్యను రాబట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ పెరాఁ 1909లో దానికి అవోగాడ్రో సంఖ్య అని పేరు పెట్టాడు. మాట తూనికలో పుట్టి లెక్కలోకి మళ్ళడం అక్కడ మొదలైంది.

ప్రమాణాల చరిత్ర కూడా ఈ మళ్ళింపునే చూపిస్తుంది. 1971లో మోల్‌ను ఏడవ మూల ప్రమాణంగా స్వీకరించినప్పుడు, 0.012 కిలోగ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులున్నాయో అన్ని మూల కణాలున్న పదార్థ పరిమాణం ఒక మోల్ అన్నారు. అందులో లెక్క ఉంది, కాని ఆ లెక్క కిలోగ్రాము భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. 2019 మే 20 నుండి అమలులోకి వచ్చిన నిర్వచనం ఆ ఆధారాన్ని తీసివేసి, సరిగ్గా 6.02214076 × 10²³ మూల కణాలున్నది ఒక మోల్ అని తేల్చింది. ఆ మూల కణం పరమాణువా, అణువా, అయానా (విద్యుదావేశం ఉన్న కణమా), ఎలక్ట్రానా అన్నది విధిగా పేర్కొనాలని ప్రమాణాల పత్రంలోనే ఉంది. అంటే ‘ఒక మోల్ ఆక్సిజన్’ తెలుగు దృష్టితోనే కాదు, ప్రమాణాల దృష్టితో చూసినా అసంపూర్ణమే. మీ తరం నేర్చుకున్నది తప్పు కాదు, అది ఆ మాట పాత బతుకు. ‘అమౌంట్ ఆఫ్ సబ్‌స్టెన్స్’ అనే ఇంగ్లీషు మాటకు ‘పదార్థ పరిమాణం’ అనే మన అనువాదం మాత్రం నాకు తృప్తినివ్వదు. పరిమాణం అనగానే ఎవరికైనా పొడవో, ఘనపరిమాణమో, బరువో తోస్తుంది కాని సంఖ్య తోచదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

చాలా సంతోషం. అయితే ఈ భేదం వాక్యంతోనే ఆగిపోతుందా, లెక్క చేసేటప్పుడు కూడా ఉపయోగపడుతుందా? స్టాయికియోమెట్రీ (చర్యలో పదార్థాల పాళ్ళను లెక్కించడం) అనే అధ్యాయం పేరు వినగానే బెదిరిపోయేవారి కోసం అడుగుతున్నాను.

మొదటి సమాధానం రాసిన సభ్యుడు

ఆ పేరును 1792లో రిక్టర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలతో కల్పించాడు. మూలకాల కొలత అని దాని అర్థం, అంతకు మించిన భయం అక్కరలేదు. ఇక లెక్క సంగతి. తుల్యం చేసిన సమీకరణాన్ని తెలుగు వాక్యంగా పైకి చదవడం నేర్పండి. ‘రెండు మోళ్ళ హైడ్రోజన్ అణువులు ఒక మోల్ ఆక్సిజన్ అణువులతో కలిసి రెండు మోళ్ళ నీటి అణువులను ఇస్తాయి.’ ఇందులోని రెండు, ఒకటి, రెండు అనే గుణకాలు లెక్కపెట్టే సంఖ్యలు, గ్రాములు కావు. దీనిని కిలో పద్ధతిలో చదివినవాడు ‘రెండు గ్రాముల హైడ్రోజన్, ఒక గ్రాము ఆక్సిజన్’ అనుకుంటాడు. నిజానికి 4 గ్రాముల హైడ్రోజన్‌కు 32 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మోళ్ళ సంఖ్య చర్యకు ముందూ వెనుకా ఒకటిగా ఉండవలసిన అవసరం కూడా లేదు. ఇక్కడ మూడు మోళ్ళు రెండయ్యాయి. 4, 32 గ్రాములు కలిసి 36 గ్రాముల నీరు కావడంలో మాత్రం మార్పు లేదు.

10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ ఉన్నాయనుకుందాం. చూపుకు ఆక్సిజన్ చాలా ఎక్కువ. లెక్కలోకి మారిస్తే, హైడ్రోజన్ అణువులకు మోల్‌కు 2 గ్రాముల చొప్పున 5 మోళ్ళు, ఆక్సిజన్ అణువులకు మోల్‌కు 32 గ్రాముల చొప్పున 2 మోళ్ళు. రెండు మోళ్ళ ఆక్సిజన్ అణువులకు నాలుగు మోళ్ళ హైడ్రోజన్ అణువులు చాలు, మన దగ్గర ఐదున్నాయి. కాబట్టి 64 గ్రాముల ఆక్సిజనే ముందుగా అయిపోతుంది. నాలుగు మోళ్ళ నీటి అణువులు, మోల్‌కు 18 గ్రాముల చొప్పున 72 గ్రాములు ఏర్పడతాయి. ఒక మోల్ హైడ్రోజన్ అణువులు, అంటే 2 గ్రాములు, మిగిలిపోతాయి. 72, 2 కలిపితే 74, మొదట తీసుకున్న 10, 64 కలిపినా 74. ముందుగా అయిపోయి చర్యను ఆపివేసే దానిని ‘పరిమిత కారకం’ అనేవారున్నారు. పరిమిత అంటే హద్దుకు లోబడినది. ఇక్కడ ఆ పదార్థం హద్దుకు లోబడినది కాదు, ఇతరులకు హద్దు పెట్టేది. ‘హద్దు పెట్టే కారకం’ అన్నా, ‘పరిమితం చేసే కారకం’ అన్నా అర్థం నేరుగా తెలుస్తుంది.

ఈ పనికి మన గణితంలో పాతకాలం నుండి సిద్ధంగా ఉన్న పరికరం త్రైరాశికం. ఆర్యభటుడు వాడిన మాటలలో ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు రాశులు తెలిస్తే, ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. పై లెక్కలో ప్రమాణం ఒక మోల్ ఆక్సిజన్ అణువులు, ఫలం రెండు మోళ్ళ నీటి అణువులు, ఇచ్ఛ రెండు మోళ్ళ ఆక్సిజన్ అణువులు, ఇచ్ఛాఫలం నాలుగు మోళ్ళ నీటి అణువులు. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివి కావాలని పూర్వులు పెట్టిన నియమం ఇక్కడ ప్రాణం వంటిది. సమీకరణం నుండి వచ్చిన ప్రమాణం మోళ్ళలో ఉండగా, ప్రశ్నలో ఇచ్చిన ఇచ్ఛను గ్రాములలోనే ఉంచి గుణించడం నేను చూసిన తప్పులలో అన్నిటికంటే తరచైనది. జాతి కలిపిన తరువాత మిగిలేది గుణకారం, భాగహారం మాత్రమే.

అభ్యంతరం చెప్పిన సభ్యురాలు

త్రైరాశికం మాట బాగా కుదిరింది. ఒక చిన్న సందేహం మిగిలింది. సోడియం క్లోరైడ్‌లో విడివిడి అణువులు ఉండవు. అక్కడ మీ డజను తరువాత ఏ బహువచనం పెడతారు?

మొదటి సమాధానం రాసిన సభ్యుడు

‘ఫార్ములా యూనిట్లు’, అంటే ఫార్ములాలో చూపిన పాళ్ళలో ఉన్న అయాన్ల జట్లు, అనడం తప్ప మార్గం లేదు. ఒక మోల్ సోడియం క్లోరైడ్ ఫార్ములా యూనిట్లు 58.5 గ్రాములు. అక్కడ అణుభారం అనే మాటకు బదులు ఫార్ములా భారం అనాలి. కాల్షియం క్లోరైడ్ అయితే ఈ జాగ్రత్త ఇంకా అవసరం, దాని ఒక మోల్ ఫార్ములా యూనిట్లలో ఒక మోల్ కాల్షియం అయాన్లు, రెండు మోళ్ళ క్లోరైడ్ అయాన్లు ఉంటాయి. ఏ కణాలో చెప్పకుండా ‘మోల్’ అని ఊరుకుంటే ఒకటి, రెండు, మూడు అనే మూడు జవాబులకూ తావుంది.

ప్రశ్న అడిగినవారికి ఇంకొక మాట. మీ పాఠంలో ‘మోల్ అంటే 22.4 లీటర్లు’ అనే వాక్యం ఉంటే దానినీ సవరించండి, అది మోల్‌ను ఈసారి లీటరు తెగలోకి నెట్టడం. ఆ సంఖ్య ఆదర్శ వాయువులకు, అదీ 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద మాత్రమే వర్తిస్తుంది. అదే ఉష్ణోగ్రత వద్ద పీడనాన్ని 1 బార్‌గా తీసుకుంటే 22.7 లీటర్లవుతుంది. ద్రవరూపంలో ఉన్న ఒక మోల్ నీటి అణువులు ఆక్రమించే చోటు 18 మిల్లీలీటర్లే.