పాత స్పీడ్‌మాస్టర్ డయల్‌కు కొత్త రంగు వేయించవచ్చా?

ప్రశ్న:
మా పెదనాన్నగారు వాడిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ చేతిగడియారం ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. లోపల ఉన్నది 321 క్యాలిబర్ (గడియారం యంత్రం రకం). చీకట్లో వెలగవలసిన గుర్తులు పసుపుపచ్చగా మారాయి, క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) ముల్లు సున్నా దగ్గరకు రాకుండా రెండు సెకన్ల దూరంలో ఆగుతోంది. డయల్‌కు కొత్త రంగు వేసి, కేసును అద్దంలా పాలిష్ చేస్తానని మా ఊరి గడియారాల మెకానిక్ అంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు 1:
దయచేసి ఒప్పుకోకండి. ఆ గుర్తుల్లో సాధారణంగా ఉండే ట్రిటియం (వెలుగుకు శక్తినిచ్చే రేడియోధార్మిక పదార్థం) సుమారు 12 ఏళ్లకొకసారి సగానికి తగ్గుతుంది కనుక వెలుగు పోవడం సహజమే. ఆ పసుపుదనం కోసమే సేకర్తలు వెతుకుతారు. పాలిష్‌తో కేసు కొమ్ముల (పట్టీ తగిలించే చోటు) పదునైన అంచులు ఒకసారి గుండ్రబడితే, పోయిన లోహం మళ్లీ రాదు.

జవాబు 2:
ముల్లు సంగతి చెబుతాను. బటన్ నొక్కిన ప్రతిసారీ అదే రెండు సెకన్ల తేడా వస్తే ముల్లు ఇరుసుపై జారి ఉంటుంది, సరిచేయడం తేలిక. తేడా మారుతూ ఉంటే మాత్రం ముల్లును సున్నాకు తెచ్చే లోపలి సుత్తినీ, గుండె ఆకారపు క్యామ్‌నూ పరీక్షించాలి. 1968లో దాని స్థానంలో వచ్చిన 861 క్యాలిబర్‌లో లేని కాలమ్ వీల్ (స్టాప్‌వాచ్‌ను నడిపించి ఆపే చక్రం) మీ 321లో ఉంది; అది అరిగితే అసలు విడిభాగం దొరకడం కష్టం. అందువల్ల పాత నూనె కడిగించి కొత్త నూనె వేయించేవరకు బటన్లు నొక్కకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే పరీక్షగా చూశాను, మూడుసార్లూ సరిగ్గా రెండు సెకన్లే. ఇక బటన్ల జోలికి వెళ్లను. సర్వీసు మాత్రమే చేయిస్తాను.