క్రాస్‌బో కొని అడవి పందిని కొట్టొచ్చా?

మక్క రైతు, ఏటూరునాగారం వైపు:
అడవి అంచున నాకు రెండెకరాల మక్క చేను ఉంది. కంకి పాలు పోసుకునే వేళకు పందులు దిగుతాయి. మంచె మీద రాత్రంతా డబ్బాలు కొట్టినా తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు నేలమట్టం. క్రాస్‌బో అంటే ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు, తుపాకీ కాదు కదా, కొని కొట్టేయమని దోస్తు అంటున్నాడు. నిజమేనా?

హన్మకొండ వకీలు:
వద్దన్నా. దగ్గర పెట్టుకోవడం ఒక ప్రశ్న, వేటాడటం ఇంకో ప్రశ్న. 1972 వన్యప్రాణి చట్టం తుపాకీనా కాదా అని చూడదు. అందులో ఆయుధం అంటే విల్లంబులు, కత్తులు, వలలు, ఉచ్చులు, విషం కూడా. చంపబోవడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం అన్నీ వేటే. గురి తప్పినా కేసే. 2022 సవరణతో అడవి పంది రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. శిక్ష 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లోకైతే అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. అక్కడ వేటాడితే జైలు 3 ఏళ్లకు తగ్గదు, 7 ఏళ్ల దాకా పడొచ్చు.

గూడెం బిడ్డ:
మా కోయ ఇళ్లలో విల్లంబులు తాతల నాటివి. 2006 అటవీ హక్కుల చట్టం పోడుకు పట్టా ఇచ్చింది, ఇప్పపువ్వు, తునికాకు ఏరుకోనిచ్చింది. సంప్రదాయ వేటను మాత్రం హక్కుల్లోంచి తీసేసింది. చట్టానికి లోబడే ఉంటున్నాం. కానీ సరదాకు వేటాడేవాడినీ మమ్మల్నీ ఒకే గాటన కడితే కడుపు మండుతుంది.

మక్క రైతు:
తమ్మీ, నీ బాధ నిజమే. మరి నా పంట సంగతి?

హన్మకొండ వకీలు:
దారి ఉంది. అదే వన్యప్రాణి చట్టంలో 11వ సెక్షన్ చూడన్నా. పైరు పాడుచేసే పందిని వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి) గానీ, ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఉత్తర్వు లేకుండా కొట్టిన పంది కళేబరం కూడా సర్కారు ఆస్తే.

పాకాల పక్క ఊరు:
చట్టం పక్కన పెట్టండి. చీకట్లో బాణం తగిలిన పంది అక్కడే పడిపోదు. గాయంతో ఎదురుతిరిగితే మనిషి ప్రాణానికే ముప్పు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం అంతకన్నా ఘోరం, పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోయేది మన మనుషులే కదా.

మక్క రైతు:
క్రాస్‌బో కొనను. రేపే ఫోటోలు, పట్టా పాస్‌బుక్ పట్టుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు పోతా. కానీ మక్క మూడు నాలుగు నెలల పంట. దరఖాస్తుకు పది రోజుల్లో అవునో కాదో చెప్పాలని రూలు ఎందుకు పెట్టరు? కోత అయ్యాక వచ్చే కాగితం నాకెందుకు?