1972 కార్వెట్ స్టీరింగ్‌లో ప్లే, కంట్రోల్ వాల్వ్ లీకు: బాక్స్ మార్చేయాలా?

స్టింగ్‌రే_శ్రీను:
బండి 1972 కార్వెట్, 350 ఇంజన్, ఫ్యాక్టరీ పవర్ స్టీరింగ్. స్టీరింగ్ వీల్ అంచు దగ్గర రెండు అంగుళాల పైనే ఊరికే తిరుగుతోంది (ప్లే). హైవే మీద 60 మైళ్లు దాటితే ఎడమకి లాగుతోంది, దిద్దుకుంటూనే పోవాలి. నిలిపిన చోట డ్రైవర్ వైపు ముందు చక్రం వెనకాల ఆయిల్ మరక. ఒక షాపులో స్టీరింగ్ బాక్స్ పోయింది, దాని బదులు రాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీ, చిన్న గేరుతో పనిచేసే వేరే రకం స్టీరింగ్) కిట్ వేయించుకోమన్నారు. ఇంకొకరేమో బాక్స్ మీది స్క్రూ కాస్త బిగిస్తే చాలంటున్నారు. ముందు ఏది చూడాలి? టైర్లు కొత్త రేడియల్స్. పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ కింద ఊగే చెయ్యి) పీకే పుల్లర్, జాక్ స్టాండ్లు ఉన్నాయి.

రెంచ్‌రాజు:
రెండూ చేయకండి శ్రీను గారూ, ఇప్పుడే కాదు. ఆ స్క్రూ జోలికి అసలు పోవద్దు.

ముందు ప్లే ఎక్కడుందో కళ్లతో చూడాలి. మీది పవర్ స్టీరింగ్ కాబట్టి ఇంజన్ నడుస్తుండగానే చూడండి. ఇంజన్ ఆపి చూస్తే కంట్రోల్ వాల్వ్ (వీల్ తిప్పిన వైపుని బట్టి ఆయిల్‌ని పవర్ సిలిండర్‌కి పంపే భాగం) లోపలి కదలిక కూడా ప్లేలాగే కనిపించి మోసం చేస్తుంది. చక్రాలు నేల మీదే ఉండాలి, పార్కింగ్ బ్రేక్ వేసి చక్రాలకి దిమ్మలు పెట్టండి. ఒకరు వీల్‌ని అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే ఇంకొకరు ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడాలి. వరస ఇది: రాగ్ జాయింట్ (స్టీరింగ్ కాలమ్‌ని బాక్స్‌కి కలిపే గుడ్డ-రబ్బరు జాయింటు), తర్వాత బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ తిరిగినా పిట్‌మన్ ఆర్మ్ కదలకుండా ఉండే ఖాళీ, వాల్వ్ బాల్ స్టడ్, కుడి వైపు ఐడ్లర్ ఆర్మ్ (రిలే రాడ్ రెండో చివరని మోసే చెయ్యి; రిలే రాడ్ అంటే రెండు వైపుల్నీ కలిపే అడ్డ కడ్డీ), టై రాడ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) ఎండ్లు. ఐడ్లర్ పైకీ కిందకీ ఆడుతోంటే అది ముందు మార్చాలి.

రాగ్ జాయింట్‌లో గుడ్డ పొరలు విడిపోవడం ఈ వయసు బండ్లలో మామూలే. కొత్తది వేసేటప్పుడు రెండు బోల్టులూ ఒకే సైజు కావని గమనించండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అందుకే ఒకే పొజిషన్‌లో పడుతుంది. స్టాప్ పిన్నులు వాటి గాడుల మధ్యలో, దేనికీ తగలకుండా ఉండాలి. తగిలితే కాలమ్ వరసలో లేదని అర్థం. జాయింట్ మార్చాక హారన్ మోగకపోతే కంగారు పడకండి. దాని ఎర్త్ ఈ జాయింట్ గుండానే పోతుంది. కొన్ని కొత్త జాయింట్లలో ఆ లోహపు తీగ ఉండదు, బయటి నుంచి చిన్న వైరు వేసుకోవాలి.

ఇంకొకటి, కార్వెట్‌కే ప్రత్యేకం. వెనక చక్రాల్ని పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ రాడ్ బుష్‌లు అరిగితే వెనక చక్రాల టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటకో తిరిగి ఉండే కొలత) మారిపోతూ ఉంటుంది. డ్రైవర్‌కి అది ముందు స్టీరింగ్ తప్పులాగే అనిపిస్తుంది. వెనక చూడకుండా ముందు బాక్స్ కొన్నవాళ్ల డబ్బు దండగ.

కంట్రోల్‌వాల్వ్_కిట్టు:
ఎడమకి లాగడం, లీకు: ఈ రెండిటికీ మొదటి అనుమానితుడు వాల్వే. ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద పెట్టి, వీల్ వదిలేసి ఇంజన్ స్టార్ట్ చేయండి. వీల్ తనంతట తానే తిరిగితే వాల్వ్ బ్యాలెన్స్ తప్పింది. స్టార్ట్ చేసేటప్పుడు వీల్ చువ్వల మధ్య చెయ్యి పెట్టొద్దు.

లీకుకి సీల్ కిట్ వేయొచ్చు. వాల్వ్ రిలే రాడ్‌లోకి మరల మీద ఎక్కి ఉంటుంది. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క రాసుకోండి, తిరిగి అన్నే చుట్లు ఎక్కించాలి. పవర్ సిలిండర్‌కి (చక్రాలు తిప్పడానికి బలమిచ్చేది) పోయే రెండు హోస్‌లకి ముందే గుర్తులు పెట్టండి. అవి తారుమారైతే ఇంజన్ స్టార్ట్ అవగానే స్టీరింగ్ ఒక చివరకి పోయి కూర్చుంటుంది. సిలిండర్ రాడ్ మీద క్రోమ్ గుంటలు పడి ఉంటే సీల్ మార్చినా నిలవదు, సిలిండర్ మార్చాల్సిందే. ఆయిల్ విషయంలో జీఎం పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ వాడండి, గేర్‌బాక్స్ ఆయిల్ వద్దు.

బ్యాలెన్స్ ఇలా. సిలిండర్ రాడ్‌ని ఫ్రేమ్ బ్రాకెట్ నుంచి విప్పి వదిలేయండి. వాల్వ్ చివర డస్ట్ క్యాప్ తీస్తే నట్ కనపడుతుంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే రాడ్ లోపలే ఉండిపోయిందనుకోండి: బయటకి కదలడం మొదలయ్యేదాకా నట్‌ని సవ్యంగా తిప్పండి, తర్వాత లోపలికి పోవడం మొదలయ్యేదాకా అపసవ్యంగా. దిశ మార్చడానికి పట్టిన తిప్పులో సరిగ్గా సగం మళ్లీ సవ్యంగా తిప్పి ఆపండి. స్టార్ట్ చేయగానే రాడ్ బయటకి వస్తే ఇదే పని తిరగేసి చేయాలి. చివరికి రాడ్ చేత్తో నెట్టినా లాగినా కదలాలి. నట్‌ని అవసరానికి మించి అటూ ఇటూ తిప్పొద్దు. రాడ్ బలంగా దూసుకొస్తుంది, వేళ్లు దూరంగా పెట్టుకోండి.

స్టింగ్‌రే_శ్రీను:
రాగ్ జాయింట్ పగుళ్లు తేలింది, ఐడ్లర్ కూడా ఊగుతోంది. రెండూ ఆర్డర్ పెట్టాను. వీల్ తనంతట తానే ఎడమకి తిరుగుతోంది, కిట్టు గారు చెప్పినట్టే. ఇవన్నీ అయ్యాక కూడా ప్లే మిగిలితే, ఆ స్క్రూ ఎందుకు వద్దంటున్నారు?

రెంచ్‌రాజు:
ఎందుకంటే అది రెండో అడ్జస్ట్‌మెంట్. మొదటిది వార్మ్ (బాక్స్ లోపలి మర షాఫ్ట్) బేరింగ్ ప్రీలోడ్, అంటే దాని బేరింగ్‌ల బిగుతు. బేరింగ్ వదులుగా ఉండగా ఆ పై స్క్రూ (లాష్ స్క్రూ) బిగిస్తే ప్లే దాక్కుంటుంది, లోపల బాల్ నట్, సెక్టర్ పళ్లు అరుగుతాయి, మలుపు తిరిగాక వీల్ వెనక్కి రాదు.

పిట్‌మన్ ఆర్మ్ విప్పి, లాష్ స్క్రూ కాస్త వదులు చేయండి. వీల్‌ని నెమ్మదిగా ఒక చివరిదాకా తిప్పి అర చుట్టు వెనక్కి తెచ్చి, ఇంచ్-పౌండ్ టార్క్ రెంచ్‌తో తిప్పే బిగువు చూడండి: 5 నుంచి 8 ఇంచ్-పౌండ్లు ఉండాలి. లేకపోతే అడ్జస్టర్ ప్లగ్ తిప్పి తెచ్చుకోండి. ఆర్మ్ విప్పి ఉన్నప్పుడు చివరలకి గట్టిగా కొట్టొద్దు, బాల్ గైడ్లు దెబ్బతింటాయి. తర్వాత వీల్‌ని రెండు చివరల మధ్య సరిగ్గా సగానికి తెచ్చి లాష్ స్క్రూ బిగించండి. మధ్య దాటేటప్పుడు అదనంగా 4 నుంచి 10 ఇంచ్-పౌండ్లు రావాలి, మొత్తం 14 లోపే ఉంచండి. బాక్స్ బిగువుగా ఉండేది ఆ మధ్య బిందువు దగ్గరే. తిప్పుతుంటే గరుకు తగిలితే వార్మ్ గుంటలు పడింది, ఇక అడ్జస్ట్ చేసి లాభం లేదు.

చాలా బండ్లలో వీల్ వంకరగా ఉందని వీల్‌నే పీకి తిన్నగా పెట్టేస్తారు. అప్పుడు నేరుగా పోతున్నా బాక్స్ మధ్యలో ఉండదు, ప్లే ఉన్నట్టే ఉంటుంది. వీల్ తిన్నగా పెట్టాల్సింది టై రాడ్ స్లీవులతో, రెండు వైపులా సమానంగా.

హెడర్_హరి:
అప్‌గ్రేడ్ అడిగారు కాబట్టి: రాక్ కిట్ కంటే బోర్గ్‌సన్ కంపెనీ తరహా ఇంటిగ్రల్ పవర్ బాక్స్‌కి (పవర్ సాయం బాక్స్ లోపలే ఉండేది) నా ఓటు. వాల్వ్, సిలిండర్, వాటి హోస్‌లు పోతాయి, లీకయ్యే చోట్లు తగ్గుతాయి. రిలే రాడ్‌కి వాల్వ్ స్థానంలో అడాప్టర్ వస్తుంది. రాక్ కిట్లలో లోపలి పివట్లు సరైన చోట లేకపోతే గతుకుల్లో బండి తనే దారి మారుస్తుంది, కొన్నిటితో తిరిగే వ్యాసం కూడా పెరుగుతుంది. హెడర్లు (విడిగా వేయించిన ఎగ్జాస్ట్ గొట్టాలు) ఉంటే బాక్స్‌కి చోటు కొలిచాకే కొనండి. కాలమ్ షాఫ్ట్ వెనక్కి జరపాల్సి వస్తే సుత్తి వాడొద్దు, ప్రమాదంలో ముడుచుకోవడానికి పెట్టిన ప్లాస్టిక్ పిన్నులు తెగుతాయి.

ఫ్యాక్టరీ బాక్స్ నిష్పత్తి 16:1. స్టీరింగ్ ఆర్మ్‌లకి రెండేసి రంధ్రాలుంటాయి: ముందుదైతే మొత్తం 17.6:1, వెనకదైతే 20.2:1. కొత్త బాక్స్ మరీ చురుగ్గా అనిపిస్తే టై రాడ్లు వెనక రంధ్రాలకి మార్చండి, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత టో మళ్లీ చేయించాలి.

అలైన్‌మెంట్‌లో షాపువాళ్ల కంప్యూటర్ అంకెలకి వదిలేయకండి. పవర్ స్టీరింగ్‌కి ఫ్యాక్టరీ క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) 2¼ డిగ్రీలు పాజిటివ్. రేడియల్స్‌కి షిమ్‌లు (సర్దుబాటుకి పెట్టే పల్చటి రేకులు) అనుమతిస్తే 3 దాకా అడగండి, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) 0 నుంచి అర డిగ్రీ నెగటివ్, టో 1/16 నుంచి 1/8 అంగుళం లోపలికి. వెనక టో కూడా అదే రోజు చూపించండి. అది ట్రెయిలింగ్ ఆర్మ్ పివట్ దగ్గర షిమ్‌లతో అవుతుంది, ఆ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ముందు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి.