కొత్త ఆండ్రాయిడ్ స్టీరియోకి పాత నావిగేషన్ యాంటెన్నా కలపవచ్చా?

మాది శ్రీకాకుళం. కారుతోపాటు వచ్చిన పాత నావిగేషన్ యూనిట్‌లో టచ్ పోవడంతో, దాని స్థానంలో 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను. పాటల విషయంలో కొత్తదే మేలు. బ్లూటూత్ వెంటనే కలుస్తుంది, అవే స్పీకర్లలో బేస్ కూడా బాగా వస్తోంది.

దారి చూపించడంలోనే ఇబ్బంది. నరసన్నపేట వైపు హైవే మీద వెళ్తుంటే బాణం పక్కన సర్వీస్ రోడ్డు మీదకి దూకుతుంది. మలుపు దాటాక ఐదారు సెకన్లకు గానీ తిరగమని చెప్పదు. పాత యూనిట్ ఎస్‌డీ కార్డు మ్యాపులతో నడిచేది, కొత్త రోడ్లు దానికి తెలియవు, కానీ బాణం మాత్రం రోడ్డు తప్పేది కాదు. దానికి కారు వేగం తెలిపే వైరు కూడా కలిపి ఉండేది.

ఇప్పటివరకు చేసినవి: మ్యాప్ యాప్ తీసి మళ్లీ వేశాను, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నాను, లొకేషన్ హై యాక్యురసీలో పెట్టాను. స్టీరియోతో ఇచ్చిన యాంటెన్నాను దాని వెనక నుంచి తీసి అద్దం అంచున అంటించాను. డ్యాష్‌క్యామ్ ఆపి కూడా చూశాను. తేడా లేదు. జీపీఎస్ టెస్ట్ యాప్‌లో 14 ఉపగ్రహాలు కనిపిస్తున్నా, వాడకంలో ఉండేవి 4 లేదా 5. అక్కడే పెట్టిన నా ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేదు.

పాత యాంటెన్నా ఇంకా డ్యాష్‌బోర్డులోనే ఉంది. దాని ప్లగ్ నీలం రంగు ఫాక్రా (నొక్కితే బిగుసుకునే రకం), కొత్త స్టీరియోకి ఎస్ఎంఏ స్క్రూ (తిప్పి బిగించే రకం). ఇలాంటి యాంటెన్నాలకు కరెంటు కేబుల్ లోంచే, 3 నుంచి 5 వోల్టుల వరకు వెళ్తుంది కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఫాక్రా-ఎస్ఎంఏ అడాప్టర్ వేసి పాత యాంటెన్నాను కలిపితే, యూనిట్‌కి గానీ యాంటెన్నాకి గానీ నష్టం లేకుండా పనిచేస్తుందా?