వేరే గ్రహం వాళ్లకు దేవుడు ఉంటాడా? మా బిడ్డ అడిగింది, మీరేమంటారు

ప్రశ్న (హన్మకొండ):
అందరికీ నమస్తే. పోయిన ఆదివారం మా బిడ్డను వేయి స్తంభాల గుడికి తీసుకుపోయాను, ఏడో తరగతి చదువుతుంది. 1163లో రుద్రదేవుడు కట్టించాడు, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకటే గుడి అని చెప్తుంటే మధ్యలో ఆపి, "బాపూ, వేరే సూర్యుడి దగ్గర ఎవరన్నా ఉంటే వాళ్లు కూడా వాళ్ల సూర్యుడికి మొక్కుతారా?" అంది. స్తంభానికి ఆనుకుని నిలబడి నా మొహమే చూస్తోంది, నాకు ఏం చెప్పాలో తోచలేదు. తెలివైన జీవులు ఎక్కడున్నా భక్తి అనేది పుడుతుందా, లేక అది మన భూమి మీది మనుషులకే ఉన్నదా?

జవాబు (కరీంనగర్):
సూర్యుడికి మొక్కాలంటే ముందు సూర్యుడు పొద్దున రావాలి, సాయంత్రం పోవాలి కదన్నా. 2017లో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ భూమంత సైజులో ఏడు గ్రహాలున్నాయని ప్రకటించారు, మనకు దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరం. నక్షత్రానికి అంత దగ్గరగా తిరిగే గ్రహాలకు, మన చందమామ మనకు చూపించినట్టే, ఎప్పుడూ ఒకటే ముఖం అటు ఉండే అవకాశం ఎక్కువ. అంటే సగం గ్రహం మీద పొద్దు గుంకదు, సగం మీద పొడవదు. అక్కడ సంధ్యావందనం లేదు, అమావాస్య లేదు, ఏ పండుగ ఎప్పుడో చూసుకోవడానికి పంచాంగమే లేదు. భక్తి ఉండొచ్చేమో గానీ మనం గుర్తుపట్టేలా ఉండదు.

జవాబు (ములుగు):
తమ్మీ, పంచాంగం, గుడి ఇవన్నీ తర్వాతి సంగతి. మేడారం చూడు, విగ్రహమే లేదు. చిలకలగుట్ట మీద నుంచి కుంకుమ భరిణె వస్తుంది, గద్దె మీదికి చేరుతుంది, అంతే, లక్షల మంది నిలువెత్తు బంగారం (అంటే బెల్లం) పట్టుకుని ఏడుస్తూ నిలబడతారు. అక్కడ మొక్కేది మనోళ్ల కోసం కొట్లాడి ప్రాణమిచ్చిన తల్లీబిడ్డలకు. ఏనుగులు కూడా చనిపోయిన ఏనుగు ఎముకల దగ్గర ఆగి తొండంతో తడుముతాయి. పోయినవాళ్లను మరిచిపోలేని జీవి ఏ గ్రహం మీదున్నా, ఏదో ఒకటి గద్దె మీద పెట్టుకుంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

జవాబు (వరంగల్, జువాలజీ చెప్తాను):
అక్క మాట నాకు నచ్చింది, కానీ ఒక్క చిక్కు ఉంది. ఆక్టోపస్ చాలా తెలివైనది, మూత బిగించిన సీసా తిప్పి తీస్తుంది. కానీ తల్లి గుడ్లను కాచుకుంటూ తిండి మానేసి, పిల్లలు బయటికొచ్చే వేళకు చచ్చిపోతుంది. ఏ పిల్లా తల్లిని చూసి ఎరగదు. తెలివైన జీవులు అలా పుట్టి అలా పోయేవైతే, వాటికి మొక్కు నేర్పేదెవరు? మనకు బతుకమ్మ పేర్చడం పుస్తకంలో రాలేదు, అవ్వ పక్కన కూర్చుంటే వచ్చింది. అందుకే నా లెక్కలో అసలు ప్రశ్న తెలివి ఎంత అని కాదు, ముసలివాళ్లు, పిల్లలు ఒకే ఇంట్లో ఎన్నాళ్లు కలిసి బతుకుతారు అని.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అందరికీ చాలా థ్యాంక్స్. బిడ్డకు అన్నీ చదివి వినిపించాను. ట్రాపిస్ట్-1 కుంభరాశిలో ఉంటుందట, టెలిస్కోప్ లేకుండా కంటికి కనిపించదు అంటే చిన్నబుచ్చుకుంది. ఆక్టోపస్ పిల్లల సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకుని, దిండు పట్టుకుని వాళ్ల నానమ్మ మంచం దగ్గరికి పోయింది.